అనంతపురంలో పాత వీధికి విలువ లేదా?

మా వెనక వీధిలో ఇంకో పాత ఇల్లు పడగొట్టేశారు. ఎవర్ని కదిపినా ఒకటే మాట, "పాత కొంపే కదప్పా, లేపాక్షి గుడేమన్నానా?" ఈ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మన దృష్టిలో వారసత్వం అంటే గుడి, కాకుంటే గుత్తి కోట. ప్లీడర్లు, గుమాస్తాలు, అయ్యవార్లు అప్పోసప్పో చేసి కట్టుకున్న వీధి లెక్కలోకే రాదు. అసలు ఈ ఊరు పెరిగిందే వాళ్లతో. 1882లో బళ్లారి నుంచి విడదీసి జిల్లా చేశారు, కచేరీలొచ్చాయి, 1916లో కాలేజీ వచ్చింది (నీలం సంజీవరెడ్డి చదివిన ఆర్ట్స్ కాలేజీయే), ఆ కొలువులకొచ్చిన జనం పాత ఊరు దాటి బయట కట్టుకున్న ఇళ్లు ఇవి.

విడిగా చూస్తే ఏ ఇంట్లోనూ గొప్పేమీ కనపడదు, ఒప్పుకుంటా. వరసగా చూడండి. అరుగులన్నీ ఒకే గీతలో, మిద్దెలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో, మధ్యలో వేపచెట్లు. టేకు దంతెల మీద ఇటుకలు నిలబెట్టి, గానుగ సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్. మూరెడు మందం గోడలు. మే నెల ఎండలో కూడా నట్టింట్లో తాడిపత్రి బండల మీద చాప లేకుండా కునుకు తీయొచ్చు. చినుకు పడితే చాలు, "గవాచి (వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత) మూయండ్రా" అని అవ్వ కేకేస్తే పిల్లలు మిద్దె మీదికి పరుగు. ఈ వరసలో ఒక్క ఇల్లు పోయి అక్కడ కింద కారు పార్కింగు, పైన నాలుగంతస్తులు లేచాయంటే పక్కింటికి గాలీ లేదు, వెలుతురూ లేదు, ఇంక వాళ్లు మాత్రం ఎన్నాళ్లుంటారు?

ఇంటివాళ్లను తిట్టను. అన్నదమ్ముల వాటాలు తెగవు, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు, దొరికినవాడు సిమెంటు పూస్తాడు, దాంతో సున్నపు గోడలో చెమ్మ బయటికి పోయే దారి లేక పెచ్చులూడతాయి, అప్పుడు "చూశావా, ఇల్లు పాడైపోయింది" అంటారు. నా కోపమల్లా పాండిచ్చేరి పోయి ఫ్రెంచివాళ్ల కాలం వీధుల్లో పసుపు గోడల ముందు ఫొటోలు దిగొచ్చి, ఇక్కడ సొంత వీధి పోతుంటే బిల్డరుతో రేటు మాట్లాడేవాళ్ల మీద.

చట్టం సంగతి ఇంకా తమాషా. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనాలంటే వందేళ్లు నిండాలి. మన వీధులకి ఇప్పుడిప్పుడే నిండుతున్నాయి, సరిగ్గా జేసీబీ వచ్చే టైముకి! బెంగళూరులో 1898 ప్లేగు తర్వాత పెరిగిన మల్లేశ్వరం, బసవనగుడిలో పాత ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేవడం చూశాక కూడా మనకి బుద్ధి రాలేదు.

రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకి టీడీఆర్ బాండ్లిస్తారు కదా (పోయిన స్థలానికి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకోడానికో, అమ్ముకోడానికో ఇచ్చే హక్కు), ఇల్లు నిలబెట్టుకున్నవాళ్లకీ ఇమ్మని, ఆస్తిపన్ను తగ్గించమని అడుగుదాం. అది తేలేలోపు ఊళ్లో సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు టేపు పట్టుకుని ఒక్క వీధికైనా కొలతలు తీసిపెడితే బాగుంటుంది. కాలేజీల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే కింద చెప్పండి, మా వీధితోనే మొదలుపెడదాం.