చెక్క సబ్‌ఫ్లోర్ మీద ప్లాస్టిక్ పరిస్తే చెమ్మ పోదు

నార్త్ కరొలైనాలోని రాలీ, కేరీ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సలహా తిరుగుతోంది. పాత కార్పెట్ తీశాక కింద సబ్‌ఫ్లోర్, అంటే ఫ్లోరింగ్‌కు ఆధారంగా ఉండే ప్లైవుడ్, చెమ్మగా కనిపించినా టెన్షన్ పడక్కర్లేదట. దాని మీద ప్లాస్టిక్ షీట్ పరిచి, వాటర్‌ప్రూఫ్ వినైల్ ప్లాంకులు వేసేస్తే చాలట. వేసవిలో క్రాల్‌స్పేస్ (ఇంటి నేల కింద పాకేంత ఖాళీ) గోడల్లోని వెంట్లు, అంటే గాలి రంధ్రాలు, తెరిచి ఉంచితే చెక్క దానంతటదే ఆరుతుందట. హార్డ్‌వుడ్ అయితే రెండు రోజులు గదిలో ఉంచి బిగించేయొచ్చట, తర్వాత వంగితే శాండింగ్ చేయించుకోవచ్చట. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ దీన్ని నమ్మి పని మొదలుపెడితే వేల డాలర్లు పోతాయి, కాళ్ల కింద ఇల్లు కుళ్ళుతుంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ప్లాస్టిక్ సంగతి. డాలస్ వైపు కొత్త ఇళ్లు ఎక్కువగా కాంక్రీట్ స్లాబ్ మీద కడతారు. మన హైదరాబాద్, విజయవాడ ఇళ్ల నేల కూడా కాంక్రీటే. కాంక్రీట్ మీద ప్లాస్టిక్ పరచడం సరైన పనే, ఎందుకంటే అది తడిగా ఉన్నా కుళ్ళదు, పైనున్న పలకలకు తడి తగలకపోతే చాలు. ఈ సలహా అక్కడి నుంచే ఇక్కడికి వచ్చిందని నా అనుమానం. ఇక్కడ మన నేల వేరు. కింద మట్టి, దాని మీద మనిషి పాకేంత ఖాళీ, ఆపైన నేలను మోసే చెక్క దూలాలు, అంటే జాయిస్ట్‌లు, వాటి మీద ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించి చేసిన పలక). మట్టి నుంచి లేచిన ఆవిరి చెక్కలోకి చేరుతుంది. చెక్క పైన ప్లాస్టిక్ ఉంటే ఆవిరి అక్కడ ఆగుతుంది, అంటే ప్లైవుడ్‌లోనే నిలిచిపోతుంది. అడ్డు పెట్టాల్సింది నేల మట్టి మీద. చెక్క సబ్‌ఫ్లోర్ మీద గాలి ఆడని షీట్ పరచొద్దని అమెరికా వుడ్ ఫ్లోరింగ్ సంఘం నియమాల్లోనే ఉంది. హార్డ్‌వుడ్ కింద తారు పూసిన ఫెల్ట్ కాగితం వాడేది అందుకే: అది ఆవిరిని నెమ్మదింపజేస్తుంది, పూర్తిగా ఆపేయదు.

వినైల్ వాటర్‌ప్రూఫ్ అన్నది నిజమే, కానీ అది పై నుంచి ఒలికిన నీళ్ల గురించి చెప్పిన మాట. కింద చెక్కకు దానివల్ల రక్షణ లేదు. పైగా అదే ఇంకో మూతలా పనిచేస్తుంది.

ఇక వెంట్లు. ఎక్కువమందికి ఇది తర్కంగా అనిపిస్తుంది, అందుకే ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే. చల్లటి మజ్జిగ గ్లాసు బల్ల మీద పెడితే బయట చెమర్చడం మనకు తెలుసు. జూలైలో రాలీ గాలి డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. ఆ గాలి వెంట్లలోంచి లోపలికొచ్చి, 55 డిగ్రీల గాలి మోసే ఏసీ డక్టులకు, ఏసీ గది కింద చల్లబడిన ప్లైవుడ్‌కు తగులుతుంది. ఆరబెట్టడం పోయి తడిపి వెళ్తుంది. మొదటి వేసవిలో నేను టార్చ్ పట్టుకుని మా క్రాల్‌స్పేస్‌లోకి పాకినప్పుడు డక్టుల నుంచి నీళ్లు చుక్కలుగా కారుతున్నాయి, ఇన్సులేషన్ తడిసి గోనెసంచుల్లా వేలాడుతోంది. వెంట్లన్నీ తెరిచే ఉన్నాయి. ఇదే రాష్ట్రంలోని ప్రిన్స్‌విల్‌లో అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే సంస్థ 12 ఇళ్లను పరిశీలించింది. వెంట్లు మూసి, మట్టిని పూర్తిగా కప్పిన క్రాల్‌స్పేస్‌లే పొడిగా ఉన్నాయని తేలింది.

కాబట్టి పని కింద నుంచి మొదలవ్వాలి. గట్టర్లు శుభ్రం చేసి, డౌన్‌స్పౌట్ నీళ్లు గోడకు దూరంగా పోయేలా చూడాలి. ఇంటి చుట్టూ మట్టి బయటికి వాలుగా ఉండాలి. పైపులు కారుతుంటే బాగు చేయించాలి. మట్టి మీద కనీసం 6 మిల్ (అంగుళంలో వెయ్యోవంతు ఒక మిల్) మందం పాలిథిన్ షీట్, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి ఆరంగుళాలు ఎక్కేలా పరిచి టేపు వేయాలి. వెంట్లు మూసేస్తే డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ తీసే యంత్రం) గానీ, ఇంట్లోని ఏసీ గాలి కొంచెం వదలడం గానీ తప్పనిసరి. గాలిని పొడిగా ఉంచే ఏర్పాటు లేకుండా ఊరికే మూసేయడం కూడా ప్రమాదమే. ఇది ఖర్చుతో కూడిన పని, కాదనను. కానీ ఈ ఖర్చు ప్లాంకుల కంటే ముందు పెట్టాల్సింది.

రెండు రోజులు గదిలో ఉంచడం గురించి: రోజులు లెక్కపెట్టడం వల్ల ఏమీ తెలియదు. వానాకాలంలో మన ఊళ్లో తలుపు బిగుసుకుపోయి వేసవిలో మళ్లీ వదులవడం చూశాం కదా, ఏ చెక్కైనా గాలిలో తేమకు తగ్గట్టు ఉబ్బుతుంది, తగ్గుతుంది. పొడి పలకను తెచ్చి తడి సబ్‌ఫ్లోర్ మీద కొడితే అది ఆ తడిని పీల్చుకుంటుంది. చెక్కలో తేమ కొలిచే, మేకుల్లాంటి సూదులుండే మాయిశ్చర్ మీటర్ తెచ్చి చాలాచోట్ల గుచ్చి చూడండి, ముఖ్యంగా బాత్రూం, డిష్‌వాషర్, బయటి గోడల దగ్గర. సబ్‌ఫ్లోర్ తేమ సాధారణంగా 12 శాతం దగ్గరో అంతకంటే తక్కువో ఉండాలి. పలకకు, సబ్‌ఫ్లోర్‌కు తేమలో తేడా 3 అంగుళాల కంటే తక్కువ వెడల్పున్న పలకలకు 4 శాతం, 3 అంగుళాలు, ఆపై వెడల్పున్నవాటికి 2 శాతం మించకూడదు. చాలాకాలం 20 శాతం పైన ఉంటే కుళ్ళు మొదలయ్యే అవకాశం ఉంది. అప్పుడు ఫ్లోరింగ్ మాట పక్కన పెట్టి జాయిస్ట్‌లను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే ఆ చెక్కను మార్చాల్సిందే.

చివరిది శాండింగ్. పలక అడుగు భాగం పై భాగం కంటే తడిగా ఉంటే అంచులు పైకి లేస్తాయి, దాన్నే కప్పింగ్ అంటారు. తడి ఉండగానే ఆ అంచులు గీకేస్తే ఆ రోజుకు నేల చదునుగా కనిపిస్తుంది. తర్వాత పలక ఆరినప్పుడు గీకిన అంచులు కిందికి దిగిపోయి, మధ్యలో బొడిపెలా లేస్తుంది. పలక మందం కూడా తగ్గిపోతుంది కాబట్టి రెండోసారి గీకడానికి చెక్క మిగలకపోవచ్చు. తేమకు మూలం ఆపి, పలకలు ఆరేదాకా నెలలు పట్టినా ఆగండి. చాలాసార్లు అంచులు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. పైన, అడుగున మీటర్ దాదాపు ఒకే అంకె చూపించేదాకా ఎవరు తొందరపెట్టినా శాండింగ్ మిషన్ పెట్టనివ్వకండి.