గొంతు దగ్గర గడ్డకు జవాబు రక్తం ట్యూబుల్లో వెతకొద్దు

పండక్కి ఊరొచ్చిన పిల్లలు అమ్మానాన్నలకు ఫుల్ బాడీ చెకప్ చేయించి వెళ్లడం గోదావరి జిల్లాల్లో ఇప్పుడు మామూలైపోయింది. రాలేని వాళ్లు హైదరాబాద్ నుంచో కువైట్ నుంచో ఫోన్లోనే బుక్ చేస్తారు. పొద్దున్నే పరగడుపున కుర్రాడొచ్చి నాలుగు ట్యూబుల రక్తం తీసుకెళ్తాడు. ఆ ప్యాకేజీల్లో థైరాయిడ్ ప్రొఫైల్ ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు దాని పక్కన ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ జాడ పట్టిస్తాయని చెప్పే రక్తపరీక్షలు, చేరుతున్నాయి. అమ్మ గొంతు దగ్గర చిన్న గడ్డ చేతికి తగిలిందంటే చాలు, థైరోగ్లోబ్యులిన్, కాల్సిటోనిన్, సీఈఏ అనే మూడు మార్కర్లూ కలిపి రాయించేస్తున్నారు. అంకె మామూలుగా వస్తే క్యాన్సర్ లేదని ఊపిరి పీల్చుకుంటారు. లావు అక్షరాల్లో వస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఆ ధీమాకూ ఆధారం లేదు, ఆ భయానికీ ఆధారం లేదు.

గడ్డ క్యాన్సరా కాదా అని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఇవాళ ఏ దేశంలోనూ వైద్యుల వాడుకలో లేదు. థైరాయిడ్ గడ్డలేమో చాలా మామూలు. తడిమి చూస్తేనే వందలో నలుగురైదుగురికి దొరుకుతాయి, అల్ట్రాసౌండ్ పెట్టి వెతికితే ఇంకా ఎన్నో రెట్లు కనిపిస్తాయి. అందులో నూటికి తొంభై దాకా నిరపాయమైనవే. మిగిలిన వాటిలోనూ ఎక్కువ భాగం పాపిల్లరీ రకం, అంటే నెమ్మదిగా పెరిగి చికిత్సకు బాగా లొంగేది.

టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) పరీక్ష మాత్రం తప్పకుండా చేయించాలి, అయితే దాని పని వేరు. అది తక్కువగా ఉంటే గడ్డే హార్మోను తయారుచేస్తోందేమోనని ఐసోటోప్ స్కాన్‌కు పంపుతారు. 'వేడి గడ్డ', అంటే హార్మోను తయారుచేసేదే, అని తేలితే క్యాన్సర్ అవకాశం బాగా తక్కువ, సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే సూది పరీక్షే అక్కర్లేకపోవచ్చు. టీఎస్‌హెచ్ పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని 2006లో బర్మింగ్‌హామ్ వైద్యులు 1,500 మంది రోగులను పరిశీలించి చూపించిన మాట నిజమే. అది గుంపులో కనిపించే తేడా. టీఎస్‌హెచ్ 1.2 ఉన్న ఆవిడకు క్యాన్సర్ ఉండొచ్చు, 6కు పెరిగిన ఆవిడకు ఉన్నది హషిమోటో వాపు (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేసే జబ్బు) మాత్రమే కావచ్చు. పైగా జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ బిళ్ళలు చాలా మిషన్లలో టీఎస్‌హెచ్‌ను లేనంత తక్కువగా, థైరాయిడ్ హార్మోను టీ4ను లేనంత ఎక్కువగా చూపిస్తాయి. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆ బిళ్ళ ఆపాలని చెప్పే కలెక్షన్ సెంటర్ ఎక్కడుంది?

థైరోగ్లోబ్యులిన్ సంగతి ఇంకా స్పష్టం. ఆ ప్రోటీన్‌ను పాపిల్లరీ క్యాన్సర్ కణం ఎలా తయారుచేస్తుందో ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ కణమూ అలాగే తయారుచేస్తుంది. గ్రంథి ఏ కారణంగా ఉబ్బినా, వాచినా, లోపల రక్తం చిమ్మినా అది పెరుగుతుంది. గ్రంథి మొత్తం తీసేశాక దాని విలువ ఒక్కసారిగా మారిపోతుంది: తయారుచేసే కణమే మిగలకూడదు కాబట్టి అప్పుడు కాస్త కనిపించినా పట్టించుకోవాలి. అదీ యాంటీ థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీలు లేవని చూసుకున్నాకే, ఎందుకంటే అవి అంకెను తగ్గించి చూపిస్తాయి. ఆపరేషన్ తర్వాత కాపలా కాయాల్సిన పరీక్షను ఆపరేషన్‌కు ముందే చేయిస్తే ఏ సంగతీ తెలియదు.

ఇక కాల్సిటోనిన్. ఇది మెడుల్లరీ అనే అరుదైన రకానికి గురుతు. థైరాయిడ్ క్యాన్సర్లు వందలో ఈ రకానివి ఐదు కూడా ఉండవు. మిల్లీలీటరుకు 100 పికోగ్రాములు దాటితే అనుమానం గట్టిది. చిక్కంతా 10కీ 100కీ మధ్యే. మన దగ్గర పొద్దున్నే కాఫీకి ముందు పాంటోప్రజోల్ వేసుకోని పెద్దవాళ్లు ఉన్న ఇల్లు తక్కువ. ఆ 'గ్యాస్ బిళ్ళ' గ్యాస్ట్రిన్ అనే కడుపు హార్మోనును పెంచుతుంది, గ్యాస్ట్రిన్ కాల్సిటోనిన్‌ను పెంచుతుంది. కిడ్నీ జబ్బున్నా పెరుగుతుంది. దానికి తోడు ఈ హార్మోను వెచ్చదనానికి చెడిపోతుంది. రక్తం తీసిన వెంటనే మంచులో పెట్టి, యంత్రంలో గిరగిరా తిప్పి, పైన తేలే సీరం అనే ద్రవాన్ని వేరుచేసి మంచులా గడ్డకట్టించాలి. మే నెలలో రాజోలులో తీసిన ట్యూబు బ్యాగులో ఊగుతూ నరసాపురం చేరి, అక్కడినుంచి రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్తే వచ్చే అంకెను ఎంత నమ్మాలి? దాని తక్కువతనం జబ్బు లేకపోవడం వల్లనో ఎండ వల్లనో ఎవరూ చెప్పలేరు. వంశంలో మెడుల్లరీ ఉన్నవారికి, సూది పరీక్షలో ఆ రకం అనుమానం వచ్చినవారికి కాల్సిటోనిన్ తప్పనిసరి. ఆ రకమని నిర్ధారణ అయితే వంశపారంపర్యంగా ఆ రకాన్ని తెచ్చే రెట్ జన్యువు పరీక్షకు రక్తం ఇవ్వాలి, అందులో మార్పు దొరికితే ఇంట్లో వాళ్లూ ఇవ్వాలి. అక్కడ ఆ పరీక్షలు ప్రాణాలు కాపాడతాయి. గడ్డ ఉన్న ప్రతి ఒక్కరికీ రాయాల్సినవి కావు.

రేపు ఇంతకంటే మంచి రక్తపరీక్ష వచ్చిందనుకుందాం. క్యాన్సర్ ఉన్న వందలో 90 మందిని పట్టుకుంటుంది, లేని వందలో 85 మందికి లేదనే చెబుతుంది. గడ్డలున్న 1,000 మందికి చేశాం, నిజంగా క్యాన్సర్ ఉన్నది 50 మందికి. పరీక్ష 45 మందిని పట్టుకుంటుంది, ఐదుగురికి ఏమీ లేదని ఇంటికి పంపుతుంది. క్యాన్సర్ లేని 950 మందిలో 142 మందికి ఉందంటుంది. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న 187 మందిలో నిజం నలుగురిలో ఒక్కరికే. ఆ 187 మందికీ మళ్లీ స్కానింగ్, సూది తప్పవు. నెగెటివ్ వచ్చినా, స్కానింగ్‌లో గడ్డ నల్లగా, అంచులు గరుకుగా, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా, లోపల సున్నపు చుక్కలతో కనిపిస్తే సూది మానేసే డాక్టరు ఉండకూడదు. మరి ఆ రక్తపరీక్ష వల్ల తర్వాతి అడుగు ఎక్కడ మారింది? ఏ పరీక్షకైనా డబ్బు కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

ఊళ్లో ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తారు, సూది పరీక్షకేమో పంటు ఎక్కి గోదావరి దాటి పట్నం వెళ్లాలి, అందాకా ఏదో ఒకటి తెలుస్తుంది కదా అనేవాళ్లున్నారు. ఆ ఇబ్బంది నిజం. సూది పరీక్షలోనూ ఎటూ తేలని గడ్డలున్న మాటా నిజం: సూది పరీక్ష ఫలితాలను ఆరు వర్గాలుగా పంచే బెథెస్డా పద్ధతిలో మూడో, నాలుగో వర్గాలంటే క్యాన్సర్ అవకాశం నూటికి 20, 30 దగ్గర ఊగిసలాడుతుంది. రక్తంలో తిరిగే కణితి డీఎన్ఏ మీద పరిశోధన అక్కడికోసమే జరుగుతోంది. అయితే చిన్న పాపిల్లరీ గడ్డ రక్తంలోకి వదిలే డీఎన్ఏ మరీ తక్కువ. ఇప్పుడు వాడుకలో ఉన్న జన్యు పరీక్షలు సూదితో తీసిన కణాల మీదే చేస్తారు. ఎటు తిరిగినా సూది దగ్గరికే వచ్చాం.

ఆ సూదంటే ఉన్న భయం పోవాలి. వాడేది సాధారణంగా 25 గేజి, రక్తం తీసే సూది కంటే సన్నం. సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందన్నది మన ఊళ్లలో పాతుకుపోయిన మాట. థైరాయిడ్‌లో అలా జరగడం అత్యంత అరుదు. నమూనా అసలు దెబ్బతినేది కణాలు తీసే తీరులోనూ, తీసిన తర్వాతానూ. ఒక గడ్డలో రెండు నుంచి నాలుగు సార్లు, ప్రతిసారీ కొన్ని సెకన్లపాటు సూదిని ముందుకూ వెనక్కూ ఆడించాలి. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే రక్తం నిండి కణాలు మునిగిపోతాయి. తీసిన కణాలను స్లైడు అనే గాజు పలకల మీద పరుస్తారు. ఆల్కహాల్‌లో ఉంచాల్సిన స్లైడును పరిచిన మరుక్షణం 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. అర నిమిషం పక్కన పెట్టి మాట్లాడుతూ నిలబడితే కణాలు ఎండి కేంద్రకం వివరాలు చెదిరిపోతాయి, పాపిల్లరీని గుర్తుపట్టేది ఆ వివరాలతోనే. గాలికి ఆరబెట్టే స్లైడుకు ఇబ్బంది ఇంకో వైపు: శ్రావణంలో కోనసీమ గాలిలో ఉండే తడికి అది నింపాదిగా ఆరి కణాలు పాడవుతాయి, ఫ్యాను కింద పెట్టి గబగబా ఆర్చాలి. కనీసం పదేసి కణాలున్న ఆరు గుంపులు దొరక్కపోతే ఆ నమూనా చాలదని రాస్తారు. దాన్ని 'క్యాన్సర్ లేదు' అని చదువుకోకూడదు, మళ్లీ తీయించాలి.

గడ్డ లేనివారికి కూడా చెకప్ పేరుతో వెతుకులాట మొదలుపెడితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. చవకగా థైరాయిడ్ స్కానింగ్ కలిపి అమ్మారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ల నమోదు 15 రెట్లయింది, మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వేలమందికి గ్రంథి పోయింది, జీవితాంతం మాత్ర మిగిలింది, కొందరికి కాల్షియం పడిపోయింది, కొందరికి గొంతు బొంగురుపోయింది. లక్షణాలు లేని పెద్దవాళ్లకు థైరాయిడ్ క్యాన్సర్ స్క్రీనింగ్ వద్దని 2017లో అమెరికా నిపుణుల బృందం తేల్చిచెప్పింది. ట్యూమర్ మార్కర్ల ప్యాకేజీ అదే తలుపును మన డెల్టాలో తెరుస్తోంది, ఇంకా నాసిరకం తాళంచెవితో.

ఈ డబ్బూ ఈ శ్రద్ధా వేరేచోట పెట్టాలి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, తణుకు ప్రభుత్వాస్పత్రుల్లో వారానికి ఒక పూట గడ్డల కోసం కేటాయించాలి. స్కానింగ్ మిషన్, సూది ఒకే బల్ల దగ్గర ఉండాలి. రిపోర్టులో 'గడ్డలున్నాయి, డాక్టరును కలవండి' అని వదిలేయకుండా మూడు కొలతలు, టైరాడ్స్ వర్గం (స్కానింగ్‌లో గడ్డ ఎంత అనుమానంగా ఉందో చెప్పే అంకె), మెడలో లింఫ్ గ్రంథుల సంగతి రాయాలి. టైరాడ్స్ ఐదైతే ఒక సెంటీమీటరు, నాలుగైతే ఒకటిన్నర, మూడైతే రెండున్నర దాటినప్పుడే సూది. ప్రతి ఊళ్లో పెథాలజిస్టు అక్కర్లేదు. సరిగ్గా ఫిక్స్ చేసి రంగు వేసిన స్లైడ్లు చిన్న పెట్టెలో సర్దితే, రాజోలు బస్సులో మంచు అవసరం లేకుండా కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ చేరతాయి. అనుమానం వస్తే అవే స్లైడ్లను ఐదేళ్ల తర్వాత కూడా ఇంకో కన్నుతో చూడొచ్చు.