మారిషస్ చక్కెర ధరలో అడవి లెక్క ఎక్కడ?

మారిషస్ చెరుకు తోటల్లో పనికి కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ల గురించి మనం చాలానే చెప్పుకుంటాం. ఆ తోటలు ఏ అడవిని తిని పెరిగాయో మాత్రం పెద్దగా మాట్లాడుకోం.

1638లో స్థిరపడిన డచ్చివాళ్లకు కావలసింది ఎబోనీ చేవ. మన తునికి చెట్టుకు దగ్గరి బంధువే అది. ఓడల్లో తరలించగలిగినంత తరలించారు. 1721 నుంచి ఫ్రెంచివాళ్లు వలస పెంచి, చెరుకు ఎస్టేట్లు వేశాక అడవి వాడకం తీరే మారింది. గానుగ ఆడినన్నాళ్లూ వరుసగా పెట్టిన ఇనుప పెనాల కింద మంట ఆరకూడదు. ఆ కట్టె పక్క అడవిదే. గానుగ దుంగలు, బండ్లు, షెడ్లు, బానిసల గుడిసెలు, సున్నపు బట్టీల వంటచెరుకు, అన్నీ అక్కడివే. యజమాని కొన్నది భూమిని, మనుషుల్ని. కట్టెకు మాత్రం పైసా కట్టలేదు. చక్కెర లాభం అంత ఎక్కువగా కనిపించడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

ప్రమాదం ఎవరికీ తెలియలేదనడానికి వీల్లేదు. పాలనాధికారి పియేర్ పువావ్ర్ 1769లోనే నిబంధనలు తెచ్చాడు: ప్రతి ఎస్టేటులో నాలుగో వంతు, ముఖ్యంగా కొండవాలుల్లో, అడవిగా ఉంచాలి. చెట్లు పోతే వానలు పోతాయన్నది ఆయన భయం. మంచి చట్టమే. కానీ అది కాపాడాలనుకున్నది తోటల నీటిని. అదే తోటలకు ఇంకా భూమి కావలసి వచ్చినప్పుడు చట్టం నిలబడలేదు.

1810లో ద్వీపం బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. 1825లో బ్రిటన్‌కు వచ్చే మారిషస్ చక్కెరపై దిగుమతి సుంకాన్ని తగ్గించి కరీబియన్ చక్కెరతో సమానం చేశారు. దాంతో చెరుకు విస్తీర్ణం ఎగబాకింది. 1834 నుంచి భారతీయ కూలీలు రావడంతో చేతుల కొరతా తీరింది. చెరుకు పిప్పినే ఎండబెట్టి మండించడం అలవాటయ్యాక కట్టె అవసరం తగ్గింది నిజమే, కానీ అప్పటికి అడవి కింది నేలే అసలు సరుకైంది. ఆ తర్వాతి కొన్ని దశాబ్దాల్లోనే అడవి అత్యంత వేగంగా కరిగిపోయింది. నరికిన చేతుల్లో మనవాళ్లవీ ఉన్నాయి. ఎక్కడ నరకాలో తేల్చింది మాత్రం వాళ్లు కాదు.

ఇప్పుడు మంచి స్థితిలో ఉన్న సహజ అడవి ద్వీపంలో 2 శాతం కూడా లేదు. ఎక్కువభాగం చెరుకు ఎక్కలేని నిటారు కొండల్లోనే మిగిలింది. అక్కడా బయటి నుంచి తెచ్చిన జామ జాతి చెట్లు అల్లుకుపోతుంటే, ప్రభుత్వం కంచెలు వేసి, మనుషులను పెట్టి పీకిస్తోంది. ఆనాటి ఎస్టేట్లు కట్టని బిల్లును ఇవాళ అక్కడి ప్రజలే కడుతున్నారు.