హెడ్‌మెయిన్ గారి ఫోన్

"చిన్న పనే, గంటలో అయిపోతుంది" అని మా మేనేజర్ గారు అన్నారంటే, రాత్రి నా కోసం ఎదురుచూడొద్దని ఇంటికి చెప్పేస్తాను. అందులోనూ ఆ రోజు శుక్రవారం.

పని, పేర్లు మార్చడం. మా డేటాబేస్‌లో పెద్ద సర్వర్ మాస్టర్. దాన్ని చూసి కాపీ కొట్టేవన్నీ స్లేవ్‌లు, అంటే బానిసలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లు 2018లో, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వాళ్లు 2020లో ఈ మాటలు వదిలించుకోవడం మొదలుపెట్టారు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు కూడా 2020 అక్టోబర్ నుంచి కొత్త ప్రాజెక్టుల్లో అసలు కోడ్ ఉండే బ్రాంచికి మాస్టర్ బదులు మెయిన్ అని పేరు పెడుతోంది. మనమింకా బానిసల్ని మేపుతున్నామేమిటని ఆయన బాధ.

స్లేవ్ పోవాలన్న మాటలో నాకు పేచీ లేదు. మనుషుల్ని కొని అమ్మిన కాలపు మాట సర్వర్‌కెందుకు? మాస్టర్ దగ్గరే చెయ్యి ఆగింది. పక్కన బానిస లేనప్పుడు మాస్టారంటే నాకు ఎక్కాలు నేర్పినాయనే.

ఆ మాట పైకి అన్నాను. అంతే, మీటింగ్ గంటన్నర సాగింది. "మరి గిట్ సంగతో?" అన్నాడొకడు. గిట్ అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్. బ్రిటన్‌లో ఆ మాట తిట్టు. దాన్ని రాసిన లైనస్ టోర్వాల్డ్స్ తన ప్రాజెక్టులన్నిటికీ తన పేరే పెట్టుకుంటానని, అందుకే మొదట లినక్స్, ఇప్పుడు గిట్ అని తన మీదే జోకు వేసుకున్నాడు. తిట్టు సంగతి పక్కన పెట్టినా, నాకు గిట్ ఎప్పుడూ గిట్టలేదు. బొమ్మలు దిద్దే గింప్ పేరు కాలు ఈడ్చేవాళ్లను వెక్కిరించే మాట. 2019లో కొందరు అదే కోడ్ తీసుకుని గ్లింప్స్ అని వేరుకుంపటి పెట్టారు. 2021లో ఆ కుంపటి ఆరిపోయింది. గింప్ మాత్రం గింప్‌గానే ఉంది. గణిత నిరూపణల్ని సరిచూసే కాక్‌ది ఇంకో కథ. ఫ్రెంచిలో అది కోడిపుంజు. పాపం, ఇంగ్లీషు గుమ్మం తొక్కగానే బూతైపోయింది. 2025లో రాక్ అని పేరు మార్చుకుంది.

ఇదంతా తేలేసరికి సాయంత్రం ఆరు. నేను కోడ్ ఉన్న ఫోల్డర్ మొత్తాన్నీ ఎంచుకుని, "స్లేవ్" ఉన్నచోటల్లా "కాపీ" అని, "మాస్టర్" ఉన్నచోటల్లా "మెయిన్" అని కొట్టాను. పూర్తి పదమైతేనే మార్చు అనే చిన్న గడి ఒకటుంటుంది. దాని మీద టిక్కు పెట్టలేదు. కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టులన్నీ పాసయ్యాయి. అవుతాయి మరి, టెస్టుల ఫైళ్లూ అదే ఫోల్డర్‌లో ఉన్నాయి, వాటిలోనూ అదే మార్పు పడింది! సైట్ లైవ్‌లో పెట్టేసి ఇంటికెళ్లాను.

సైట్ ఒక బడిది. తెర మీద కనిపించే మాటల ఫైలు కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉందని శనివారం పొద్దున తెలిసింది. డ్రాయింగ్ మాస్టర్ డ్రాయింగ్ మెయిన్ అయ్యాడు. టీచర్ల చదువుల పట్టికలో మాస్టర్స్ డిగ్రీలన్నీ మెయిన్స్ డిగ్రీలయ్యాయి. ఫీజు కట్టే పేజీలో మెయిన్‌కార్డ్ అనే కొత్త కార్డు పుట్టింది. దాన్ని ఏ బ్యాంకూ గుర్తుపట్టలేదు.

ఏడింటికి ఫోన్.

"నమస్కారం బాబూ, నేను హెడ్‌మెయిన్‌ని మాట్లాడుతున్నా."

నాకు నోట మాట రాలేదు.

"ముప్ఫై ఏళ్లుగా హెడ్‌మాస్టర్‌ని. రాత్రికి రాత్రి ప్రమోషన్ ఇచ్చారు, సంతోషం. జీతమేమైనా పెరుగుతుందా?"

"క్షమించండి సార్, పది నిమిషాల్లో పాత పేరు పెట్టేస్తాను."

"తొందరేం లేదు. మా డ్రిల్ మాస్టర్ తన కొత్త హోదా ఫొటో తీసుకుని ఇంట్లో చూపించి వస్తానన్నాడు, అప్పటిదాకా ఆగు."

ఆగలేదు. ఆ గిట్టని గిట్‌నే బతిమాలుకుని నిన్నటి మార్పునంతా వెనక్కి తీశాను. హెడ్‌మాస్టర్ గారు తిరిగొచ్చారు, డ్రాయింగ్ మాస్టరూ వచ్చాడు. వాళ్ల వెనకే డేటాబేస్‌లోకి మాస్టర్, స్లేవ్‌లూ మళ్లీ వచ్చి కూర్చున్నారు.

మేనేజర్ గారి నుంచి మెసేజ్: "పేర్ల పని అయిపోయిందిగా?"