నరాల మాత్ర అయిపోయిన వారం

ఆరు నెలలు ఉండి వెళదామని కావలి నుంచి అమెరికాలోని మా ఇంటికి వచ్చిన మా అమ్మ, నాలుగో నెల మొదట్లో ఒక ఆదివారం చేపల పులుసుకు చింతపండు పిసుకుతూ, చెయ్యి గిన్నెలోనే ఉంచి కళ్ళు మూసుకుని గట్టు పట్టుకుంది. "కళ్ళు పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటా ఉందిరా అబ్బయా" అన్నది. బీపీ, షుగరు చూశాం, రెండూ బాగానే ఉన్నాయి. నిద్ర లేదు, వికారం, ఊరికే కన్నీళ్ళు. నాలుగు రోజుల తర్వాత ఆమె పెట్టెలో ఖాళీ అయిన పారాక్సెటిన్ అట్టలు దొరికాయి. అది కుంగుబాటుకు వాడే మందు.

నాన్న పోయిన తర్వాత నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరు రాసిన ఆ మందును అమ్మ మూడేళ్ళుగా "నరాల మాత్ర" అన్న పేరుతో వాడుతున్నదట. కొడుకునైన నాకే తెలియదు. తెచ్చుకున్నవి అయిపోగానే, ఎటూ బాగానే ఉన్నాను గదా అని ఊరుకున్నది.

జబ్బు తిరగబెట్టిందని బంధువులు తేల్చేశారు. కానీ కుంగుబాటు తిరిగి వస్తే సాధారణంగా వారాలు, నెలల మీద మెల్లగా వస్తుంది. మందు మానిన రెండు మూడు రోజులకే మొదలై, తలలో షాకులు కొట్టి, మందు మళ్ళీ వేసుకోగానే తగ్గుముఖం పట్టేది మానడం వల్ల వచ్చే బాధ. దీన్ని వ్యసనమనడం కూడా తప్పే, ఎందుకంటే ఇంకా ఇంకా కావాలన్న యావ ఇందులో ఉండదు. ఏళ్ళ తరబడి మందుకు సర్దుకున్న మెదడు, అది లేకుండా మళ్ళీ సర్దుకోవడానికి కొంత కాలం పడుతుంది. పారాక్సెటిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఒక రోజు చాలు కనుక దెబ్బ త్వరగా తగులుతుంది. రోజుల తరబడి నిలిచే ఫ్లూయాక్సెటిన్ అనే అదే కోవ మందుతో ఈ బాధ తక్కువ.

అందరికీ ఇలా అవుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం కుంగుబాటు మందు మానిన వారిలో సుమారు 31 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర మానిన వారిలో 17 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. అయితే ఆ కొద్దిమందిలో మన అమ్మ ఉంటే శాతాలతో పనేముంది?

సగం, పావు చేసి మానేస్తే సరిపోతుందనే లెక్క కూడా తిరకాసుదే. ఇదే కోవకు చెందిన సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాములు మెదడులో అది పనిచేసే చోట్లను దాదాపు 80 శాతం పట్టి ఉంచితే, 5 మిల్లీగ్రాములు సైతం 60 శాతం దాకా పట్టి ఉంచుతుంది. అంటే మెట్లన్నీ సులువుగా దిగివచ్చిన మనిషికి ఆఖరి మెట్టు కింద బావి ఉన్నట్టు. అందుకే చివరి మోతాదులను చాలా కొద్దికొద్దిగా, అవసరమైతే ద్రవరూపంలో, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. నిదానంగా కరిగే రకం మాత్రలను ఇంట్లో విరవకూడదు.

మన సంఘంలో ప్రతి ఏడూ తల్లిదండ్రులను పిలిపించుకునే వాళ్ళందరికీ నా ఫిర్యాదు ఒకటే: పచ్చళ్ళ బరువు తూచినంత శ్రద్ధగా మాత్రలు లెక్కపెట్టడం లేదు. అమెరికాకు సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులే తెచ్చుకోనిస్తారు, ఇక్కడి మందుల షాపులో మన ఊరి చీటీ చెల్లదు. ఆరు నెలల ప్రయాణానికి మిగతా మూడు నెలల ఏర్పాటు విమానం ఎక్కక ముందే జరగాలి. అది జరగాలంటే నరాల మాత్ర అసలు పేరేమిటో ఇంట్లో ఎవరో ఒకరు అడగాలి.

ఇక్కడి డాక్టరు చీటీ రాశాక, మూడో రోజుకు అమ్మ తల తిప్పి మాట్లాడగలిగింది. ఇప్పుడు కావలిలో తన డాక్టరు చెప్పిన ప్రకారం నెలకు కొంత తగ్గిస్తున్నది; మోతాదు మారిన రోజున గోడ క్యాలెండరులో, తిథి పక్కన, పెన్సిలుతో చిన్న సున్నా చుడుతున్నది.