గ్లూటెన్ లేని మధ్యాహ్న భోజనం: చేతులు మారుతున్న సందేశానికి ఖండన

గ్లూటెన్ మానేసినవారు మధ్యాహ్నం ఏం తినాలో చెబుతూ ఒక సందేశం చాలాకాలంగా ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతోంది. దాని సారం ఇది: ఇలాంటివారు ప్రత్యేకంగా తయారైన రొట్టెలు, పాస్తా కొనక తప్పదు, అవి దొరకనప్పుడు గోధుమ రొట్టెను పక్కన పెట్టి మిగతాది తింటే సరిపోతుంది, ఎప్పుడైనా కొద్దిగా తగిలినా ప్రమాదం లేదు, ఓట్స్ నిర్భయంగా తినవచ్చు, అసలు ఈ ఆహారం అందరికీ మంచిదే. సులువైన పనిని కష్టంగానూ, జాగ్రత్త పడవలసిన చోటును తేలికగానూ చూపించడమే ఈ సందేశంతో వచ్చిన చిక్కు.

ప్రత్యేకంగా కొనక తప్పదన్న మాటనే ముందుగా చూద్దాం. గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాలలోనూ, వాటి సంకర రకాలలోనూ ఉండే మాంసకృత్తుల సముదాయం. బియ్యం, మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, బంగాళాదుంప, పప్పుధాన్యాలు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు, మాంసం, కూరగాయలు, పండ్లు వీటిలో వేటిలోనూ అది సహజంగా ఉండదు. ఇంత సరుకు చేతిలో ఉండగా భోజనానికి లోటేముంది? ఉడికించిన సెనగలు, తరిగిన కూరగాయలు, నిమ్మరసం, కాస్త నూనె కలిపిన అన్నం ఒక పూటకు సరిపోతుంది. ఉడికిన బంగాళాదుంపలను వేడి తగ్గకముందే నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడితో కలిపితే ఆ రుచి లోపలి దాకా ఇంకుతుంది. పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకుంటే భోజనపు పెట్టె నిండుతుంది. పప్పుతో చేసిన సూప్ దానంతటదే చిక్కబడుతుంది కనుక అందులో పిండి కలపవలసిన పనే లేదు.

గోధుమ రొట్టెలో పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచి దాన్ని మెత్తగా నిలబెట్టేది గ్లూటెనే. అది లేని రొట్టెను గంజిపొడులతోనూ జిగురు పదార్థాలతోనూ నిలబెట్టవలసి వస్తుంది. అందుకే అది త్వరగా ఎండిపోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. నన్నడిగితే రోజూ ఆ నకలు రొట్టెతో సరిపెట్టుకోవడం కంటే, గ్లూటెన్‌తో మొదటినుంచీ పనిలేని వంటను ఎంచుకోవడమే మేలు. ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం: వండిన అన్నాన్ని గంటల తరబడి గది వేడిలో వదిలేస్తే, ఉడికినా చావని బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తి, తిరిగి వేడిచేసినా నశించని విషాన్ని తయారుచేస్తాయి. కాబట్టి మరునాటి పెట్టెకు ఉద్దేశించిన అన్నాన్ని పళ్లెంలో పలచగా పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

రొట్టె పక్కన పెడితే సరిపోతుందన్నది రెండో మాట. కంటికి కనిపించే గోధుమను ఎవరైనా మానగలరు. కనిపించని గోధుమతోనే ఇబ్బంది. మైదా, రవ్వ, సేమ్యా, కూస్‌కూస్, బుల్గర్, స్పెల్ట్ ఇవన్నీ సాధారణంగా గోధుమ రూపాలే. మాల్ట్ అని రాసి ఉంటే అది చాలావరకు బార్లీ. సంప్రదాయ పద్ధతిలో పులియబెట్టే సోయాసాస్‌లో గోధుమ ఉంటుంది. చిక్కని గ్రేవీలలో, పొడి సూప్ పొట్లాలలో, మసాలా మిశ్రమాలలో మైదా కలిసి ఉండవచ్చు. పైగా పొట్లం మీద ‘గోధుమ లేదు’ అని ఉన్నంత మాత్రాన గ్లూటెన్ లేదని కాదు, బార్లీయో రైయో ఉండవచ్చు. పేరు చూసి భయపడకూడని సందర్భమూ ఒకటుంది: బక్‌వీట్‌కు గోధుమతో చుట్టరికమే లేదు. ఇంట్లో గ్రేవీ చిక్కబడాలంటే మొక్కజొన్న గంజిపొడిని చల్లటి నీళ్లలో కలిపి, మరుగుతున్న గ్రేవీలో పోస్తే చాలు. మైదా పడే చోట అందులో సగం సరిపోతుంది.

కొద్దిగా తగిలినా పరవాలేదన్నదే వీటన్నిటిలోకీ ప్రమాదకరమైన మాట. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో గ్లూటెన్ వల్ల రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొర మీదనే దాడి చేస్తుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 90 రోజులు తిన్నా ఆ పొర దెబ్బతింటుందని 2007లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మామూలు రొట్టె ముక్క ఒక్కదానిలోనే గ్లూటెన్ గ్రాములలో ఉంటుందన్న సంగతిని దీని పక్కన పెట్టి చూస్తే, చిన్న తునక కూడా ఎందుకు లెక్కకు వస్తుందో తెలుస్తుంది. ఆహార ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ ‘గ్లూటెన్ రహితం’ అనడానికి కిలోకు 20 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. తిన్న తరువాత కడుపునొప్పి రాలేదు కదా అనుకోవడానికీ వీల్లేదు, ఏ లక్షణమూ లేకుండానే పేగు దెబ్బతినవచ్చు.

ఈ తునకలు వచ్చేది ఎక్కువగా వంటింటి సామాను నుంచే. అందరి రొట్టెలూ కాల్చే టోస్టర్, పాస్తా వడగట్టిన చిల్లుల గిన్నె, రొట్టెకు రాసిన కత్తినే మళ్లీ ముంచిన వెన్న డబ్బా, మైదా పూసిన ముక్కలు వేయించిన నూనె, ఇవే ఆ చోట్లు. వేయిస్తే గ్లూటెన్ పోతుందనుకోవడం పొరపాటు; అది చచ్చిపోయే సూక్ష్మజీవి కాదు, కడిగి తొలగించవలసిన పదార్థం. నునుపైన స్టీలు, గాజు పాత్రలను సబ్బుతో బాగా కడిగితే సరిపోతుంది. గాట్లు పడ్డ చెక్క పలకను, టోస్టర్‌ను, చిల్లుల గిన్నెను మాత్రం వేరుగా ఉంచుకోవడం మంచిది. అలాగని గోధుమ తినేవారితో ఒకే బల్ల మీద కూర్చోవడానికి జంకనక్కరలేదు.

ఓట్స్ విషయంలో సందేశం సగం నిజం చెప్పింది. వాటిలో గోధుమ గ్లూటెన్ లేదు, కాని పొలంలోనూ మరలోనూ గోధుమ, బార్లీ గింజలు వాటితో కలిసిపోతుంటాయి. అందుచేత గ్లూటెన్ రహితమని ధ్రువీకరించిన ఓట్స్‌నే కొనాలి. వాటిని కూడా తట్టుకోలేనివారు కొద్దిమంది ఉన్నారు.

ఇక అందరికీ మంచిదన్న మాట. పిల్లల వైద్యుడు విల్లెమ్ డికే 1950లో తన సిద్ధాంతవ్యాసంలో గోధుమకూ సీలియాక్ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని నిరూపించాడు. ప్రపంచ జనాభాలో సుమారు ఒక శాతం మందికి ఉన్న ఆ వ్యాధికి నేటికీ గ్లూటెన్ మానడమే చికిత్స. గోధుమ అలర్జీ ఉన్నవారు, సీలియాక్ లేకపోయినా గోధుమ పడనివారు కూడా గోధుమకు దూరంగా ఉండవలసి రావచ్చు. ఏ ఇబ్బందీ లేనివారికి దీనివల్ల ప్రత్యేక లాభం కలుగుతుందనడానికి ఆధారం లేదు. పైగా గోధుమకు బదులు శుద్ధి చేసిన గంజిపొడులతో చేసిన సరుకులలో పీచు తక్కువగా ఉండడం మామూలే.

అనుమానం ఉన్నవారికి ఈ సలహా ఇంకా నష్టం చేస్తుంది. సీలియాక్ రక్తపరీక్ష గ్లూటెన్‌కు ప్రతిగా శరీరంలో పుట్టే యాంటీబాడీల కోసం వెతుకుతుంది. ముందే మానేస్తే అవి తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేదని ఫలితం రావచ్చు. కనుక పరీక్ష అయ్యాకే మానాలి. ఇప్పటికే మానేసినవారు ఆ సంగతి వైద్యుడికి చెబితే, పరీక్షకు ముందు కొన్ని వారాలు మళ్లీ గోధుమ తినాలో వద్దో ఆయన నిర్ణయిస్తారు.