అతుకు పనిలో పైమెట్టు మన ఐటీఐలకూ రావాలి

ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట వైపు నుంచి ఎందరో కుర్రాళ్లు వెల్డింగ్ నేర్చుకుని గల్ఫ్ బాట పడుతున్నారు. అదే పనిలో ఇంకా పైమెట్టు ఒకటుంది: పార్టికల్ యాక్సిలరేటర్లలో, అంటే సూక్ష్మ కణాలను మహావేగంగా పరుగెత్తించే యంత్రాల్లో, వాడే అతివాహక కేవిటీల జోడింపు. కేవిటీ అంటే ఆ కణాలకు వేగం ఇచ్చే బోలు లోహపు గది; బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డు లేకుండా పోయే లోహంతో చేస్తే అది అతివాహక కేవిటీ. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ పని జరుగుతోంది. అణు పరిశోధన సంస్థ బార్క్ ప్రాంగణం కూడా మనకు పొరుగునే, అచ్యుతాపురంలో ఉంది.

సుమారు 3 మిల్లీమీటర్ల మందమున్న నయోబియం అనే లోహపు రేకును గిన్నెల్లా ఒత్తి, అంచుకు అంచు అతికిస్తే కేవిటీ తయారవుతుంది. దాన్ని 2 కెల్విన్ (సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్) దగ్గర ద్రవ హీలియంలో ముంచి నడుపుతారు. ఈ అతుకుకు మామూలు టార్చి పనికిరాదు. కాగిన నయోబియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుంటుంది, దాంతో వేడిని లాగేసే గుణం పడిపోతుంది. అందుకే వెల్డింగు శూన్య గదిలో, ఎలక్ట్రాన్ పుంజంతో చేస్తారు. అంచుల్ని ముందుగా ఆమ్లంతో కడిగి, ఆలస్యం కాకుండా గదిలోకి ఎక్కించాలి. కేవిటీ నడుము అతుకు దగ్గరే అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటుంది. అక్కడ లోపలివైపు చిన్న గుంటో, లోహపు తుంపరో మిగిలిందా, ఆ చోటు కాగి అతివాహకత పోతుంది. దీన్నే క్వెంచ్ అంటారు.

ఆ ఎలక్ట్రాన్ పుంజపు వెల్డింగ్ యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది, అంచులు కడిగే ద్రావణంలో ప్రాణాంతకమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలుస్తుంది. ఆ రెండూ మనకు అక్కర్లేదు. మనవాళ్ల చేతికి అందే పని తర్వాతి దశలో ఉంది: కేవిటీలను ఫ్లాంజ్‌లతో (బోల్టులు బిగించే చట్రపు అంచులతో) వరుసగా కలపడం. జర్మనీలోని ఎక్స్-కిరణాల లేజర్ కేంద్రం యూరోపియన్ ఎక్స్‌ఫెల్‌లో ఒక్కో మాడ్యూల్‌కు, అంటే ఒకే గొట్టంలో అమర్చిన ఒక్కో వరుసకు, 8 కేవిటీలు. ధూళి దాదాపు లేని క్లీన్‌రూంలో ఒక్కో బోల్టు మీద వడకట్టిన నైట్రోజన్ ఊదుతూ, పార్టికల్ కౌంటర్‌లో రేణువుల లెక్క పడిపోయేదాకా ఓపిక పట్టాలి. ఫ్లాంజ్‌ల మధ్య లీకు ఆపే రింగు, గాస్కెట్, కూర్చోబెట్టి, బోల్టుల్ని ఎదురెదురుగా, విడతలవారీగా బిగించాలి. ఒకే వైపు బిగిస్తే గాస్కెట్ వంకరగా నలిగి లీకు పడుతుంది. కేవిటీలోంచి గాలి తీసేటప్పుడూ నిదానమే. తొందరపడితే సుడి లేచి ధూళి కేవిటీలోకి పోతుంది. ఆ రేణువు కొస నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి, ఎక్స్-కిరణాలు పుట్టి, హీలియం మీద వేడి భారం పెరుగుతుంది. అప్పుడు మొత్తం విప్పి మళ్లీ కడగాల్సిందే.

ఈ చేతివాటానికి శిక్షణ ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరాల్లో ఒక్కో ఐటీఐలో గాలి తీసి శూన్యం చేసే ఒక టర్బో పంపు, హీలియంతో లీకు పట్టే డిటెక్టర్, వడకట్టిన గాలి వీచే లామినార్ ఫ్లో బల్ల, బిగింపును కొలిచే టార్క్ రెంచీలు పెట్టాలని మేము కోరుతున్నాం. స్టీలు ఫ్లాంజ్, రాగి గాస్కెట్‌తో సాధన సరిపోతుంది. విప్పిన ఫ్లాంజ్‌ను తిరిగి బిగించి, లీకు సెకనుకు 10⁻⁹ మిల్లీబార్-లీటర్లు దాటలేదని డిటెక్టర్‌పై చూపించిన విద్యార్థే పాసైనట్టు. తరచూ కరెంటు పోయే చోట ఇంకో జాగ్రత్త కావాలి. కరెంటు పోయినప్పుడు నూనె ఆవిరి వెనక్కి పాకకుండా, టర్బో పంపు వెనక ఉండే పంపు నూనె లేని రకం కావాలి, సరఫరా ఆగగానే వాల్వు దానంతటదే మూసుకోవాలి. ఈ రెండు షరతులూ టెండరు కాగితంలోనే రాయాలి.